కొబ్బరితోటలో ఇనుపచెట్టు

మా కోనసీమలో చెట్లకు కరువు లేదు. కాలవగట్టు మీద నిలబడి ఎటు చూసినా కొబ్బరి, దాని నీడన అరటి, అరటి పక్కన పోక. అయితే రాజోలు దగ్గర మా అక్కయ్య వాళ్ళ ఊళ్ళో, పెరడు దాటి నాలుగు తోటల అవతల, ఇంకో రకం చెట్టు ఉన్నది. దానికి ఆకుల్లేవు, కాయల్లేవు, గాలివానకు ఊగదు. నిలువునా ఒక లావాటి గొట్టం, అటూ ఇటూ కొమ్మల్లాంటి గొట్టాలు, కొమ్మకొక చక్రం, చుట్టూ ఇనుపకంచె. భూమిలోంచి పైకి వచ్చే గ్యాసును అదుపులో పెట్టే తలుపుల గుత్తి అది. ఆ వృత్తిలోవాళ్ళు దాన్ని క్రిస్మస్ చెట్టు అంటారట. మా అక్కయ్యకు అది ఇనుపచెట్టు.

మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు, భోజనాలయ్యాక అరుగు మీద చేరాం. అక్కయ్య తమలపాకుకు సున్నం రాస్తూ ఉన్నట్టుండి అడిగింది.

"ఒరే తమ్ముడూ, ఆ చెట్టుకున్న చక్రాలు తిప్పితే గ్యాసు ఆగుతుందంటారు. నిజంగా ఆగుతుందని ఎవరు చూశారురా?"

నేను నవ్వేద్దామనుకున్నాను గాని నవ్వు రాలేదు. ఆ ప్రశ్న అడిగే హక్కు ఆమెకు ఉన్నది. 1995 జనవరి 8న పాశర్లపూడిలో తవ్వుతున్న గ్యాసుబావి అదుపు తప్పి అంటుకున్నది. మార్చి 15న గాని చల్లారలేదు. రెండు నెలలకు పైగా! ఆ రోజుల్లో రాత్రిపూట కూడా మా పెరట్లో కొబ్బరిచెట్ల నీడలు పడేవని అక్కయ్య ఇప్పటికీ చెబుతుంది. ఆ తర్వాత 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరంలో భూమిలోని గ్యాసుగొట్టం పగిలింది. నగరమంటే పట్నం కాదు, మామిడికుదురు దగ్గరి పల్లె. గ్యాసు ఇళ్ళ మధ్యకు పాకి, అంటుకుని, ఇరవైమందికి పైగా ప్రాణాలు తీసింది. నిద్రలేచి పొయ్యి ముట్టించుకునే వేళ అది.

అంచేత ఆ ప్రశ్నకు మా అరుగు మీద ఎవరూ తేలికగా జవాబు చెప్పలేదు. అక్కయ్య పెద్దకొడుకు మాత్రం గొంతు సవరించుకున్నాడు. వాడు కాకినాడలో ఇంజనీరింగు చదివి, హైదరాబాదు బాలానగరులో ఒక చిన్న వాల్వుల కర్మాగారంలో పనిచేస్తున్నాడు.

"అమ్మా, అది చూడటమే నా ఉద్యోగం. ఆ చెట్టుకు పెట్టే వాల్వులు మేము చెయ్యంలే. అవి ఇంకా పెద్ద ఒత్తిళ్ళకు చేసేవి. కాని పరీక్ష తత్వం ఒక్కటే. నేను చెబితే నువ్వు నమ్మవు. మావయ్యా, నువ్వొచ్చి చూసి, అమ్మకు చెప్పు" అన్నాడు.

ఆ విధంగా నేను బాలానగరు వెళ్ళడం తటస్థించింది.

వాల్వు అనే మాట కొత్తది గాని వస్తువు మనకు కొత్తది కాదు. పొలానికి నీళ్ళు పెట్టే తూము ఒక వాల్వే. కాటన్ దొర 1847లో ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలుపెట్టి 1852లో ముగించాడు. ఆ గోదావరి నీళ్ళు మన లంకల మధ్యకు పారుతూ వచ్చి లొల్ల లాకుల దగ్గర పాయలుగా చీలుతాయి. ఆ లాకు తలుపు కూడా వాల్వే. వంటింట్లో కుక్కరు మూత మీది బరువు ఒక వాల్వు. మన గుండెలో నాలుగున్నాయి. బడిపుస్తకాల్లో వాటిని కవాటాలన్నారు. కవాటమంటే తలుపే. దాని పనులు రెండు: తెరుచుకోమంటే తెరుచుకోవాలి, మూసుకోమంటే మూసుకోవాలి. మనుషుల్లాగే ఇనుముకు కూడా రెండోదే కష్టం.

లాకు తలుపు సందున నీరు కారితే ఎవరికీ బెంగ లేదు. పిల్లలు అక్కడే గాలాలు వేసుకుంటారు. ఆవిరి, ఆమ్లం, గ్యాసు మోసే గొట్టాల మీది తలుపు అలా కారితే ఒప్పుకునేవారు లేరు. కనుకనే దాన్ని గొట్టానికి బిగించకముందే పరీక్ష పెట్టాలి. పరీక్షలో నెగ్గిందని ఒంటిమీద రాయాలి. ఈ రెండు పనులూ చూడటానికే నేను వెళ్ళాను.

బాలానగరు సందుల్లో లేతుల మోత, చమురు వాసన. మా వాడి కర్మాగారం ఒక పెద్ద రేకులషెడ్డు. పనివాళ్ళు ఇరవైమంది ఉంటారేమో. వేలకు వేలు ఒకే వాల్వు చేసే పెద్ద కర్మాగారం రెడీమేడ్ చొక్కాల దుకాణమైతే, ఇది దర్జీ కొట్టు. ఒకనాడు 6 అంగుళాల గేటు వాల్వులు ఎనిమిది, మర్నాడు 2 అంగుళాల బాలు వాల్వులు పన్నెండు, ఆ మర్నాడు ఏ పంచదార మిల్లుకో ముచ్చటగా మూడు. ప్రతిదానికీ కొలత వేరు, లోహం వేరు, ఓర్చుకోవలసిన ఒత్తిడి వేరు. దర్జీ కొట్లో గుడ్డలు మారిపోయినట్టు ఇక్కడా మారిపోవచ్చు. చొక్కా మారిపోతే తొడుక్కున్నవాడికి తెలుస్తుంది. వాల్వు మారిపోతే తెలియదు. రెండు రకాల స్టెయిన్‌లెస్ స్టీలుతో పోతపోసిన వాల్వులు పక్కపక్కన పెడితే, కంటికి కవలపిల్లలే. ఉప్పునీరు తగిలినప్పుడు గాని ఏది గట్టిదో బయటపడదు.

పరీక్ష విభాగంలో ఒక పెద్దమనిషి ఎదురొచ్చారు. అందరూ మేస్త్రీగారంటారు. నలభైఏళ్ళ కిందట కొత్తపేట ప్రాంతం నుంచి వచ్చిన మనిషి. నేను మా ఊరి పేరు చెప్పగానే, "ఆయ్, మనోళ్ళేనండి" అని స్టూలు లాగి వేశారు. ఒక మూలనున్న పాత బెంచీ దగ్గర కూర్చోబెట్టి, చేతిపంపుతో పరీక్ష ఎలా చేసేవారో మొదలుపెట్టారు.

ముందు వాల్వును సగం తెరిచి, రెండు మూతులూ బిళ్ళలతో బిగిస్తారు. లోపల నీళ్ళు నింపి, గాలిబుడగ ఒక్కటీ మిగలకుండా తోలేస్తారు. అప్పుడు పంపు కొట్టి ఒత్తిడి పెంచుతారు.

"నీళ్ళే ఎందుకండీ? గాలి సులువు కదా?" అన్నాను.

"గాలి స్ప్రింగులాంటిదండి. నొక్కితే నొక్కుకుని కోపమంతా కడుపులో దాచుకుంటుంది. ఇనుము పగిలిందో, ఆ కోపం బాంబై లేస్తుంది. నీళ్ళు అలాక్కాదండి. పగిలినా ఒక చిమ్ము చిమ్మి ఊరుకుంటాయి."

ఇంజనీర్లు ఇదే సంగతి నాలుగు పేజీల్లో రాస్తారు.

అమెరికా పెట్రోలియం సంస్థవారి 598 నెంబరు నియమావళి ఈ పనికి ప్రపంచమంతటా వాడుకలో ఉన్నది. దాని ప్రకారం, వాల్వు మామూలుగా మోయవలసిన ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు పెట్టి ఒళ్ళు చూడాలి. ఉదాహరణకు 150 తరగతి ఉక్కు వాల్వు మామూలు ఎండలో దాదాపు 20 బార్ల ఒత్తిడి మోస్తుంది. పరీక్షలో దానికి 31 బార్లు పెడతారు. కారు టైరులో ఉండేది రెండు బార్ల పైచిలుకు. అంటే పద్నాలుగు టైర్ల పొగరు ఒక్కచోట చేరిందనుకోండి. 6 అంగుళాల వాల్వయితే ఆ ఒత్తిడిలో కనీసం ఒక నిమిషం నిలవాలి. ఒంటిమీద ఎక్కడా చెమట కూడా పట్టకూడదు.

తరువాతది మూత పరీక్ష. వాల్వును పూర్తిగా మూసి, ఒకవైపు ఒత్తిడి పెట్టి, రెండోవైపు కారుతున్నదేమో చూస్తారు. ఇందులో నీళ్ళతోబాటు, 4 నుంచి 7 బార్ల దాకా గాలితో చేసే పరీక్ష కూడా ఉన్నది. గాలి నీటికన్నా సన్ననిది. నీళ్ళు దూరలేని సందున దూరుతుంది. ఒత్తిడి తక్కువ గనుక అపాయమూ తక్కువే. మెత్తని సీటు ఉన్న వాల్వయితే ఒక్క చుక్క కారినా తప్పినట్టే. ఇనుముమీద ఇనుము కూర్చునే 6 అంగుళాల వాల్వుకు మాత్రం నిమిషానికి 12 చుక్కల దాకా క్షమిస్తారు. మేస్త్రీగారు గడియారం చూస్తూ ఆ చుక్కలు లెక్కపెట్టేవారట, ముప్ఫైఎనిమిదేళ్ళు.

ఆ పాత బెంచీకి ఒక చిన్న స్టీలు పట్టీ మేకులతో కొట్టి ఉన్నది. వాల్వు సైజు, తరగతి, వరస నెంబరు దానిమీద చెక్కి ఉన్నాయి. ఇదేమిటని అడిగాను. ఆయన కాసేపు మాట్లాడలేదు.

"అది నా జాతకమండి" అన్నారు.

పదేళ్ళ కిందటి మాట. నెలాఖరు. లారీ గేటు ముందు నిలబడి హారన్ కొడుతున్నది. పది వాల్వులు పంపాలి. పేరుపట్టీలు ముందు రోజే చెక్కించి డబ్బాలో సిద్ధంగా ఉంచారు. ఆ రోజుల్లో అదే అలవాటు. తొమ్మిది పరీక్షించారు. పదోది ఎవరో పక్కకు జరిపితే, పరీక్షించిన వాటి వరసలో చేరింది. వాల్వులు పది ఉన్నాయి, పట్టీలు పది ఉన్నాయి. కుర్రాడు పదింటికీ పట్టీలు బిగించేశాడు. రాత్రి రిజిస్టరు రాస్తుంటే పదో గడి ఖాళీగా కనిపించింది. లారీ అప్పటికే ఊరు దాటింది. తొమ్మిదీ బాగున్నాయి గదా అని, మేస్త్రీగారు పై గడిలోని అంకెలే కింది గడిలోనూ రాశారు.

కొన్నవాళ్ళు బిగించబోయే ముందు తమ బెంచీమీద మళ్ళీ పరీక్షించారు. పదో వాల్వు ఒంటికి చెమట పట్టింది. పోత పోసినప్పుడు లోపల చిక్కిన గాలిబుడగ! పదింటినీ వెనక్కి పంపేశారు. తక్కిన తొమ్మిదీ నిజంగా నెగ్గినవే అని యజమాని ఎంత చెప్పినా వినలేదు.

"వాళ్ళన్నదాంట్లో తప్పు లేదండి. ఒక్క పట్టీ అబద్ధమైతే, పదీ నిజమని ఎలా నమ్ముతారు? ఇనుము మోసం చెయ్యలేదు. ఆ గడిలో అంకె వేసిన చెయ్యి మోసం చేసింది. ఆ చెయ్యి నాదేనండి."

ఆ మాట విన్నాక నాకు ఈ వ్యవహారంలో ముడి ఎక్కడున్నదో అర్థమైంది. పరీక్ష ఒక పని, గుర్తు వెయ్యడం మరో పని. ఆ రెంటి మధ్య ఒక అడుగు దూరం ఉన్నది. తొందర, అలసట, మొహమాటం, నెలాఖరు అన్నీ ఆ అడుగులోనే దూరతాయి. రకానికి ఎనిమిదో పదో చేసే చిన్న కర్మాగారంలో, రోజుకు నాలుగుసార్లు కొలతలు మారే చోట, ఆ అడుగు మరీ జారుడు.

ఇప్పుడు అక్కడ కొత్త యంత్రం ఉన్నది. మా వాడు దాన్ని పెళ్ళికూతుర్ని చూపించినట్టు చూపించాడు. వాల్వుతోబాటు వచ్చే పనికార్డుమీద చిన్న చదరపు గడుల గుర్తు అచ్చువేసి ఉంటుంది, మనం కూరగాయల బండి దగ్గర ఫోనుతో డబ్బు కట్టేటప్పుడు చూపే గుర్తులాంటిదే. దాన్ని యంత్రానికి చూపిస్తే, ఇది ఏ సైజు, ఏ తరగతి, ఎంత ఒత్తిడి, ఎన్ని సెకన్లు అన్నది అదే తెలుసుకుంటుంది. పాతకాలంలో ప్రతి రకానికీ మేస్త్రీగారు పట్టిక వెతికి, గేజి మార్చి, గడియారం పెట్టుకోవలసివచ్చేది. దర్జీకి ఊరందరి కొలతలూ నోటికి వచ్చినట్టన్నమాట.

యంత్రం వాల్వును రెండువైపులా పట్టుకుంటుంది. ఆ పట్టులోనూ ఒక మెళకువ ఉన్నది. మరీ గట్టిగా నొక్కితే కారే సందు కూడా ఆ నొక్కుడుకు మూసుకుపోయి, చెడ్డ వాల్వు మంచిదనిపించుకుంటుంది. కనుక పట్టు ఎంత ఉండాలో అంతే ఉంటుంది. నీళ్ళు నింపి, గాలి తోలి, ఒత్తిడి పెంచి, పంపును వేరుచేసి, కాసేపు కుదుటపడనిస్తుంది. వేడెక్కిన ఇనుములో చల్లని నీళ్ళు పోసినప్పుడు, కారకుండానే ముల్లు కాస్త కదలవచ్చు గదా. ఆపైన ఒత్తిడిని క్షణక్షణమూ చదివి తెరమీద గీత గీస్తుంది. గీత చదునుగా సాగితే సరి. వాలిందా, ఎర్రదీపం.

అసలు సంగతి పక్కనే ఉన్నది. అక్కడి డబ్బాలో ఉన్నవన్నీ ఖాళీ రేకులే. ఒక్కదానిమీదా ఒక్క అక్షరం లేదు. ఒంటి పరీక్ష, మూత పరీక్ష, గాలి పరీక్ష అన్నీ నెగ్గాక గాని చెక్కే యంత్రానికి తాళం రాదు. వచ్చాక గట్టి సూది ఒకటి టకటకమని రేకుమీద చుక్కలు పొడుస్తుంది. చుక్కలు కలిసి అక్షరాలవుతాయి. చేసినవారి పేరు, సైజు, తరగతి, లోహం, వరస నెంబరు. చివర ఒక గడుల గుర్తు. పదేళ్ళ తర్వాత ఎవరైనా దాన్ని చదివితే, ఆనాడు గీసిన గీత బయటికి వస్తుంది. ఏ కొలిమిలో ఏ విడతలో కరిగిన ఉక్కో తెలిపే నెంబరు మాత్రం పోతలోనే ఒంటిమీద ఉంటుంది. అది పుట్టుమచ్చ.

నా ఎదుట 6 అంగుళాల గేటు వాల్వులు పరీక్షకు వచ్చాయి. రెండు నెగ్గాయి. మూడోది ఒంటి పరీక్ష నెగ్గి, మూత దగ్గర ఎర్రదీపం వెలిగించింది. మేస్త్రీగారు విప్పించి, టార్చి వేసి చూశారు. సీటుమీద వెంట్రుకంత ఇనుపరజను! తుడిచి, నూరి, మళ్ళీ బిగించి ఎక్కిస్తే నెగ్గింది. అప్పుడు సూది కదిలింది. మొదటిసారి ఓడిన సంగతి కూడా లెక్కలో అలాగే ఉండిపోయింది.

"ఆ ఓటమి చెరిపెయ్యకూడదా?" అని మా వాణ్ణి అడిగాను.

"చెరపడానికి వీల్లేకుండా చేసినందుకే దీన్ని కొన్నాం మావయ్యా" అన్నాడు.

యజమాని అటుగా వస్తే, నెలాఖరున లారీ వచ్చి నిలబడితే ఏం చేస్తారండీ అన్నాను. ఆయన నవ్వేశారు. "ఆ మాట దానితో చెప్పి చూశానండి. దానికి నెలాఖరు లేదట."

అలాగని మేస్త్రీగారికి పని పోయిందనుకోకండి. పెద్ద వాల్వుకు ఒక మూల సన్నగా చెమట పడితే, ఆ ఒక్క నిమిషంలో గీత వాలకపోవచ్చు. కనుక ఒత్తిడి నిలిచి ఉన్నంతసేపూ ఆయన రక్షణతెర వెనకనుంచి టార్చి వేసి వాల్వు ఒళ్ళంతా చూస్తారు. చూశానని మీట నొక్కితేనే యంత్రం ముందుకు పోతుంది. ఒత్తిడి చదివే కన్ను సరిగా చదువుతున్నదా అన్నది గుర్తింపు పొందిన ప్రయోగశాలవారు ఏటా సరిచూస్తారు. త్రాసును తూచడానికి మరో త్రాసు. ఇక ఏ వాల్వుకు ఎంత ఒత్తిడో యంత్రానికి చెప్పేది మనిషే. అక్కడ 31కి బదులు 13 అని పడితే, ఆ తప్పును అది వందసార్లయినా శ్రద్ధగా చేస్తుంది. యంత్రం తనంతట అబద్ధం చెప్పదు గాని, మనం నేర్పిన అబద్ధాన్ని అలుపు లేకుండా చెబుతుంది. అందుకని ఆ పట్టికమీద ఇద్దరు సంతకం చెయ్యాలి. ఆ ఇద్దరిలో ఒకరు మేస్త్రీగారు.

తిరిగి ఊరు వెళ్ళినప్పుడు ఇదంతా అక్కయ్యకు చెప్పాను. ఆమె సగంలోనే అడ్డుకున్నది.

"మరి నగరంలో అంతమంది పోయారే, అప్పుడు ఈ పరీక్షలు లేవా?"

అక్కడ పగిలింది వాల్వు కాదు, గొట్టం. తడి చేరిన గ్యాసు పారి గొట్టం లోపల తుప్పు తినేసిందని విచారణల్లో తేలింది. పట్టీమీది మాట పుట్టిననాటి ఆరోగ్యాన్నే చెబుతుంది. ఏళ్ళు గడిచాక తుప్పు చేసే పని దానికి తెలియదు. కనుక మళ్ళీ మళ్ళీ పరీక్షించాలి, మళ్ళీ మళ్ళీ గుర్తు వెయ్యాలి.

ఆ మాటకు సాక్ష్యం వంటింట్లోనే ఉన్నది. గ్యాసుబండ పైన చేతిపిడి వలయాన్ని నిలబెట్టే మూడు పట్టీలుంటాయి. వాటిలో ఒకదాని లోపలివైపు ఒక అక్షరం, రెండంకెలు రాసి ఉంటాయి. ఎ అంటే జనవరి నుంచి మార్చి, బి అంటే జూన్ దాకా, సి అంటే సెప్టెంబరు దాకా, డి అంటే డిసెంబరు దాకా. అంకెలు సంవత్సరం. సి-28 అని ఉంటే, 2028 సెప్టెంబరు లోపల ఆ బండ మళ్ళీ పరీక్షకు పోవాలని అర్థం. గడువు దాటిన బండ ఇంటికొస్తే పుచ్చుకోనక్కర లేదు. ఇన్నేళ్ళుగా బండ దించుకుంటున్న మా అక్కయ్య, ఆవేళ మొదటిసారి కళ్ళజోడు పెట్టుకుని వంగి చదివింది. గడువు ఇంకా ఉన్నది.

ఆమె లేచి నడుము సవరించుకుని, కిటికీలోంచి తోటలవైపు చూసింది.

"ఈ బండమీద రాశారు, బాగానే ఉంది. ఆ ఇనుపచెట్టు చక్రాలు ఏనాడు తిప్పి చూశారో, మళ్ళీ ఏనాడు చూస్తారో, కంచెకు ఒక పలక కట్టి, మన తెలుగులో రాసిపెడితే వాళ్ళ సొమ్మేం పోయిందిరా?"

నా దగ్గర జవాబు లేదు. ఆ ప్రశ్న రాయగలవాళ్ళ చెవిన పడాలని, ఇక్కడ ఉన్నదున్నట్టు రాశాను.